రీబాక్ క్వశ్చన్ మిడ్ రివ్యూ: ఐవర్సన్ మొదటి షూ ఇప్పుడు కొనొచ్చా?

ముందు తీర్పు చెప్పేస్తాను, తర్వాత వివరాల్లోకి వెళ్దాం. వారాంతాల్లో రెండేసి గంటలు బాస్కెట్‌బాల్ ఆడటానికి ఒక్క జతే కొనుక్కునేవాళ్లయితే ఇది కొనకండి. ఇంతకంటే తేలికైనవి, మెత్తనివి ఇంతకంటే తక్కువ ధరకే దొరుకుతున్నాయి. కానీ అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడు అలెన్ ఐవర్సన్ ఆట చూస్తూ పెరిగినవాళ్లయితే మాత్రం ఈ జత ఒకటి ఇంట్లో ఉండాల్సిందే, దాచుకోవడానికి కాదు, వేసుకుని తిరగడానికి, అప్పుడప్పుడు ఆడటానికి. ఎందుకు అలా అంటున్నానో చెప్పాలంటే షూ గురించి ఎంత చెప్పాలో ఆయన గురించీ అంత చెప్పాలి, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

నేను కొన్నది రెడ్ టో, అంటే వేళ్ల దగ్గర ఎరుపు, మిగతాదంతా తెల్లటి తోలు. బ్లూ టో కూడా అంతే పేరున్నది. పెట్టె తెరవగానే కళ్లు ముందు ఆ ఎరుపు మీదికే పోతాయి. చదునైన ఎరుపు కాదది, షూని కొంచెం వంచి లైటు కింద తిప్పితే ముత్యపు జిగి ఒకటి అటూ ఇటూ కదులుతుంది. ఫొటోల్లో ఇది ఎంతమాత్రం కనపడదు. అడుగు భాగం లేత నీలం రంగు రబ్బరు, అవతలికి మసకగా కనిపించేంత పారదర్శకంగా ఉంటుంది. షూని బోర్లా తిప్పితే లోపల ఆరు పలకల గదులు వరసగా కనిపిస్తాయి, దాన్నే హెక్సలైట్ అంటారు. 1980ల చివర్లో రీబాక్ తెచ్చిన కుషన్ అది, తేనెపట్టు గదుల అమరికలో చేసిన ప్లాస్టిక్ పొర. ఇప్పటి షూస్‌లో లోపలున్న కుషన్ గురించి కంపెనీ ఎంత చెప్తే అంత నమ్మాలి, ఇందులో మన కళ్లతో మనమే చూసుకోవచ్చు. డిజైన్ చేసిన మనిషి స్కాట్ హ్యూయిట్. 1996లో వచ్చిన డిజైన్ ఇప్పటికీ షాపులో పెట్టి అమ్ముతున్నారంటే, పక్కన ఉన్న కొత్త మోడళ్ల మధ్య అది పాతబడినట్టు కనిపించడం లేదంటే, ఆయనకి దండం పెట్టాలి.

1996లో రీబాక్ పరిస్థితి ఏంటంటే, బాస్కెట్‌బాల్ అంటే నైకీ, నైకీ అంటే మైకేల్ జోర్డాన్. రీబాక్ చేతిలో షకీల్ ఓనీల్ ఉన్నాడు, కానీ ఏడడుగుల మనిషి వేసుకునే షూ వీధి కోర్టులో ఆడే కుర్రాడికి తనదిగా అనిపించదు కదా. అప్పుడు డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే చోట, మొదటి పిక్‌గా (మొదటి ఎంపికగా) ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్ తీసుకున్న కుర్రాడు ఐవర్సన్. అదే డ్రాఫ్ట్‌లో కోబీ బ్రయంట్ 13వ పిక్, స్టీవ్ నాష్ 15వ పిక్ అని గుర్తు చేసుకుంటే ఆ ఏడాది ఎలాంటిదో అర్థమవుతుంది. ఎన్‌బీఏలో, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో, ఒక్క గేమ్ కూడా ఆడకముందే రీబాక్ ఆయనతో పదేళ్లకి 5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుందని అప్పట్లో పెద్ద వార్త. ఇంకో సంగతి, కాలేజీలో ఆయన కోచ్ జాన్ థాంప్సన్ నైకీ డైరెక్టర్ల బోర్డులో సభ్యుడు. తండ్రిలా చూసుకున్న మనిషి అటుపక్క ఉన్నా ఈ కుర్రాడు ఇటు వచ్చాడు. ఐవర్సన్‌కి ముద్దుపేరు 'ది ఆన్సర్'. అందుకని మొదటి షూకి క్వశ్చన్ అని పేరు పెట్టి, తర్వాతి ఏడాది నుంచి ఆన్సర్ పేరుతో వరసగా మోడళ్లు తెచ్చారు.

ఇక్కడిదాకా వ్యాపారం. కానీ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టిన చెయ్యి, అంతకు మూడేళ్ల ముందు జైల్లో ఉంది.

వర్జీనియా రాష్ట్రంలో హాంప్టన్ అనే ఊరు. 1975 జూన్ 7న ఐవర్సన్ పుట్టేటప్పటికి తల్లి ఆన్ వయసు 15. పిల్లాడికి ఇష్టం అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ అంటే మెతక ఆట అని చులకన. తల్లి బలవంతంగా పంపితే ఏడుస్తూ వెళ్లానని, తీరా వెళ్తే ఫుట్‌బాల్ జట్టులో స్నేహితులే అక్కడ కనిపించారని ఆయనే చాలాసార్లు చెప్పాడు. బెతెల్ హైస్కూల్లో ఒకే ఏడాది రెండు ఆటల్లోనూ రాష్ట్ర చాంపియన్‌షిప్ గెలిపించాడు, ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా, బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డ్‌గా. ఆ వయసులో ఆయన్ని చూసినవాళ్లలో ఫుట్‌బాల్ ఇంకా బాగా ఆడేవాడని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు.

1993 ఫిబ్రవరి 14 రాత్రి హాంప్టన్‌లో ఒక బౌలింగ్ సెంటర్‌లో నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ మధ్య కొట్లాట జరిగింది. కుర్చీలు ఎగిరాయి. ఐవర్సన్ ఒక మహిళని కుర్చీతో కొట్టాడని అభియోగం. తాను అసలు కొట్లాటలోనే లేనని, మొదలవగానే బయటికి వెళ్లిపోయానని ఆయన మొదటి నుంచీ చెప్తూనే ఉన్నాడు. కేసు పడింది నలుగురి మీద, నలుగురూ నల్లజాతి కుర్రాళ్లే. 17 ఏళ్ల వాణ్ని పెద్దవాడిగా లెక్కేసి విచారించి, గుంపుగా దాడి చేసి గాయపరిచారనే సెక్షన్ కింద దోషిగా తేల్చారు. ఆ సెక్షన్ ఎందుకు పెట్టారో తెలుసా, నల్లవాళ్లని గుంపులుగా కొట్టి చంపే అఘాయిత్యాలని ఆపడానికి. దాన్ని తెచ్చి వీళ్ల మీదే వాడారు. 15 ఏళ్ల శిక్ష, అందులో 10 ఏళ్లు సస్పెండ్ చేసి మిగిలిన 5 ఏళ్లు లోపల ఉండాలన్నారు. న్యూపోర్ట్ న్యూస్ సిటీ ఫార్మ్ అనే జైల్లో నాలుగు నెలలు గడిపాక, 1993 డిసెంబర్‌లో గవర్నర్ డగ్లస్ వైల్డర్ క్షమాభిక్ష పెట్టాడు, చదువు పూర్తయ్యేదాకా జట్టు ఆటలు ఆడకూడదనే షరతు మీద. 1995లో అప్పీల్స్ కోర్టు సరిపడా సాక్ష్యం లేదని ఆ తీర్పునే కొట్టేసింది. అంటే చట్టం దృష్టిలో ఆయన మీద ఆ మచ్చ లేదు. అయినా ఎన్నో ఏళ్లపాటు పేపర్లలో ఆయన పేరు పక్కన జైలు అనే మాట రాయకుండా వదల్లేదు.

హైస్కూల్ చివరి ఏడాది ఆట లేని కుర్రాడికి కాలేజీలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తగ్గాయి. తల్లే స్వయంగా జార్జ్‌టౌన్ వెళ్లి కోచ్ థాంప్సన్‌ని కలిసి, నా కొడుకుని కాపాడమని అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు. రెండేళ్లు అక్కడ ఆడి, రెండేళ్లూ బిగ్ ఈస్ట్ లీగ్‌లో ఉత్తమ డిఫెండర్‌గా నిలిచి, తర్వాత డ్రాఫ్ట్‌కి వెళ్లాడు. 2016లో బాస్కెట్‌బాల్ దిగ్గజాలకిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం అందుకుంటూ వేదిక మీద ఐవర్సన్ కన్నీళ్లు ఆపుకోలేక ముందుగా థ్యాంక్స్ చెప్పింది ఈ కోచ్‌కే, నా ప్రాణం కాపాడినందుకు అని. అది మర్యాదకి అన్న మాట కాదని పైన రాసింది చదివితే మీకే తెలుస్తుంది.

సరే, షూ సంగతికి వస్తాను. కాలికి వేసుకున్న మొదటి రోజు ముందు భాగం బిగుతుగా అనిపించింది. తోలు మందం, అందులోనూ ఎర్రటి భాగం మీద అదనపు పొర ఉండటంతో వేళ్లు వంగే చోట గట్టిగా పట్టేస్తుంది. కొన్నాళ్లు మామూలుగా బజారుకి, ఆఫీసుకి వేసుకుని తిరిగితే ఆ గట్టిదనం పోతుంది. ఆ తర్వాత దీని అసలు మంచితనం బయటపడుతుంది, కాలు లోపల ఇంత కూడా కదలదు. చీలమండ చుట్టూ దిండులా మెత్తగా కూరిన కాలర్ ఉంటుంది, లేసులు బిగిస్తే పాదం మొత్తాన్ని ఒక్కటిగా పట్టుకుంటుంది. పక్కకి కోసుకుంటూ వెళ్లేటప్పుడు, అంటే డ్రిబుల్ చేస్తూ ఎడమ నుంచి కుడికి ఒక్కసారిగా దిశ మార్చేటప్పుడు, పాదం షూ అడుగు మీంచి జారి పక్కకి పోయే భయం లేదు.

అలా దిశ మార్చడం మీదే ఐవర్సన్ జీవితం నిలబడింది. జట్టు వివరాల్లో ఆయన ఎత్తు ఆరడుగులు, బరువు 165 పౌండ్లు, అంటే 75 కిలోలు అని రాసేవాళ్లు. మొదటి పిక్‌గా వచ్చినవాళ్లలో అందరికంటే పొట్టివాడు. ఆ ఎత్తుతో రెండు మీటర్ల పైన ఉన్నవాళ్ల మధ్యకి దూరి స్కోర్ చెయ్యాలంటే ఎదుటివాడి బరువు ఒక కాలి మీద పడేలా చేసి, రెండో పక్క నుంచి పోవాలి. ఆ క్రాసోవర్‌ని జార్జ్‌టౌన్‌లో డీన్ బెర్రీ అనే తోటి ఆటగాడి దగ్గర నేర్చుకున్నానని ఐవర్సన్ ఎప్పుడూ దాచుకోలేదు. స్కాలర్‌షిప్ కూడా లేని కుర్రాడు, రోజూ ప్రాక్టీసులో తనని ఆ ఎత్తుగడతోనే బోల్తా కొట్టిస్తుంటే, నాకు నేర్పించు అని అడిగి మరీ నేర్చుకున్నాడట. మొదటి పిక్ అవ్వబోయే మనిషి అలా అడగడం నాకు చాలా నచ్చిన సంగతి.

1997 మార్చి 12, ఫిలడెల్ఫియా. మొదటి సీజన్, కాళ్లకి ఈ క్వశ్చన్ షూసే. ఎదురుగా మైకేల్ జోర్డాన్, అప్పటికి నాలుగు చాంపియన్‌షిప్‌లు గెలిచిన మనిషి. జోర్డాన్ జట్టు షికాగో కోచ్ ఫిల్ జాక్సన్ బెంచ్ దగ్గర్నుంచి జోర్డాన్ పేరు పిలిచి, వాణ్ని నువ్వే పట్టుకో అన్నాడు. ఐవర్సన్ ముందు చిన్నగా ఒక క్రాస్ వేశాడు, జోర్డాన్ ఎంతవరకు కదులుతాడో చూడటానికి. కదిలాడు. బంతిని మళ్లీ వెనక్కి తెచ్చుకుని, ఒక్క క్షణం ఆగి, ఈసారి పెద్ద క్రాస్ వేశాడు. జోర్డాన్ ఒక పక్కకి వెళ్లిపోయాడు, ఐవర్సన్ రెండో పక్క లేచి షాట్ కొట్టాడు. ఆ వీడియో ఇప్పుడు చూసినా జోర్డాన్ ఎంత గొప్పవాడో కూడా తెలుస్తుంది, అంతలోనే తేరుకుని వచ్చి చెయ్యెత్తి దాదాపు బంతిని తాకబోయాడు. ఆ రోజు ఐవర్సన్ 37 పాయింట్లు చేశాడు, గెలిచింది మాత్రం షికాగోనే. ఆ సీజన్ మొత్తం కథ అదే. ఏప్రిల్‌లో వరసగా 5 గేముల్లో 40కి పైగా పాయింట్లు కొట్టాడు, కొత్త ఆటగాళ్లలో అంతకుముందు ఎవరూ చెయ్యని పని, రూకీ ఆఫ్ ది ఇయర్ కూడా ఆయనే, అయినా జట్టు 82 గేముల్లో గెలిచింది 22.

షూకి గ్రిప్ బాగుంది, కానీ ఒక షరతు. శుభ్రమైన చెక్క ఫ్లోర్ మీద కిర్రుమని పట్టి ఆపుతుంది. దుమ్ము పట్టిన ఫ్లోర్ మీద ఈ పారదర్శక రబ్బరు దుమ్మంతా తనకే అంటించుకుంటుంది, నాలుగైదు నిమిషాలకోసారి అరచేత్తో తుడుచుకోకపోతే జారుతుంది. బయట సిమెంటు కోర్టులో ఆడటానికి మాత్రం తీసుకెళ్లకండి, మెత్తటి రబ్బరు కాబట్టి త్వరగా అరిగిపోతుంది, ఆ లేత నీలం రంగు కూడా మట్టి రంగులోకి మారి చూడ్డానికే బాధేస్తుంది.

ఇక కుషన్. ఇక్కడే దీని వయసు తెలుస్తుంది. ఇప్పటి షూస్‌లో వాడే నురుగు కాలు మోపితే దిగి, మళ్లీ పైకి తోస్తుంది. హెక్సలైట్ అలా తొయ్యదు. గట్టిగా ఉంటుంది, మడమ మీద బలంగా దిగినప్పుడు మాత్రం దెబ్బని పక్కలకి పంచేస్తుంది. గంట ఆడేసరికి పాదం కింద అలసట తెలుస్తుంది, బరువు కూడా ఎక్కువే, చివరి పావుగంటలో కాళ్లకి ఏదో కట్టుకున్నట్టే ఉంటుంది. మా కాంప్లెక్స్ కోర్టులో ఆడే ఇరవై ఏళ్ల తెలుగు కుర్రాడొకడు "అన్నా, ఒక్క గేమ్ వేసుకుంటా ఇవ్వవా" అని తీసుకుని, అయ్యాక తిరిగిస్తూ "చూడ్డానికి అదిరిపోయింది అన్నా, ఇవేసుకుని ఆయన 48 నిమిషాలు ఎలా ఉరికాడు" అన్నాడు.

వాడి ప్రశ్న న్యాయమైనదే. కెరీర్ మొత్తం మీద గేముకి సగటున 41.1 నిమిషాలు కోర్టులో ఉన్నాడు ఐవర్సన్, ఎన్‌బీఏ చరిత్రలోనే అతి ఎక్కువ సగటుల్లో అదొకటి. ఊరికే నిలబడిన నిమిషాలు కావవి. బంతి తీసుకుని లోపలికి దూకడం, తనకంటే 30, 40 కిలోలు బరువున్నవాళ్లకి గుద్దుకుని కింద పడటం, లేవడం, మళ్లీ దూకడం. కుడి మోచేతికి బర్సైటిస్ వాపొస్తే జట్టు ట్రైనర్ కట్టుగుడ్డ గొట్టంలాంటిది కత్తిరించి తొడిగాడు, ఆ స్లీవ్‌తో వరసగా చెలరేగి ఆడేసరికి అదే ఫ్యాషన్ అయిపోయింది. ఇప్పుడు స్కూలు పిల్లలు కూడా ఏ నొప్పీ లేకుండా స్లీవ్ వేసుకుంటున్నారు.

2001 చెప్పకుండా ఐవర్సన్ గురించి రాయలేను, షూ విషయానికొస్తే ఆ ఏడాది ఆయన కాళ్లకి ఉన్నది ఆన్సర్ ఫోర్ అయినా సరే. గేముకి 31.1 పాయింట్ల సగటు, ఎంవీపీ, అంటే ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ ఆటగాడు. కోచ్ లారీ బ్రౌన్, వెనకాల డికెంబే ముటొంబో, ఎరిక్ స్నో, ఆరన్ మెకీ. పేర్లు వింటే తెలుస్తుంది, రక్షణ బాగా ఆడే శ్రమజీవుల జట్టు, స్కోర్ చెయ్యాల్సింది మాత్రం ఒక్కడే. టొరంటోతో సిరీస్‌లో విన్స్ కార్టర్‌కి పోటీగా ఒకసారి 54, ఇంకోసారి 52 కొట్టాడు. ఫైనల్స్‌లో ఎదురైన లాస్ ఏంజెలిస్ లేకర్స్, షాక్ (షకీల్ ఓనీల్), కోబీ ఇద్దరూ ఉన్న జట్టు, ఆ ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌లలో, అప్పటిదాకా 11 గేములు ఆడి 11 గెలిచింది.

మొదటి గేమ్ జూన్ 6న లాస్ ఏంజెలిస్‌లో. మనకి అది జూన్ 7 తెల్లవారి ఆరున్నర, అంటే మన క్యాలెండర్ లెక్కన ఆయన 26వ పుట్టినరోజు. నేనప్పుడు సికింద్రాబాద్‌లో ఉన్నాను, పొద్దున్నే కేబుల్ టీవీ ముందు కూర్చుని చూశాను, నాన్న పేపర్ చదువుతూ మధ్యలో తలెత్తి "ఆ పొట్టివాడెవడురా, అందరినీ ఆడిస్తున్నాడు" అన్నది ఇంకా చెవుల్లో ఉంది. ఓవర్‌టైమ్‌లో బెంచ్ మీంచి వచ్చిన టైరన్ లూ మీద షాట్ కొట్టాడు, లూ కింద పడ్డాడు, ఐవర్సన్ అతని మీంచి కాలెత్తి దాటుకుంటూ నడిచాడు. 48 పాయింట్లు, ఫిలడెల్ఫియా గెలుపు 107-101. తర్వాత నాలుగూ లేకర్స్ గెలిచి కప్పు తీసుకెళ్లారు. ఆ ప్లేఆఫ్స్ మొత్తంలో లేకర్స్ ఓడింది మాత్రం ఆ ఒక్క రోజే. లూ తర్వాత మంచి కోచ్ అయ్యాడు, 2016లో క్లీవ్‌లాండ్‌ని చాంపియన్ చేశాడు, ఆయన్ని ఆ ఒక్క ఫొటోతోనే గుర్తుపెట్టుకోవడం అన్యాయం.

ఐవర్సన్‌కి కూడా అలాంటి అన్యాయమే జరిగింది, ఒక వీడియో వల్ల. 2002 మేలో బోస్టన్ చేతిలో ఓడిపోయిన తర్వాత ప్రెస్‌మీట్‌లో ప్రాక్టీస్ అనే మాటని పదేపదే అన్న క్లిప్పు మీరందరూ చూసే ఉంటారు. బద్ధకస్తుడు, ప్రాక్టీసంటే లెక్కలేదు అని దాని మీద ఇప్పటికీ నవ్వుకుంటారు. పూర్తి ప్రెస్‌మీట్ చూడండి దయచేసి. అంతకు ఏడెనిమిది నెలల ముందే ఆయన ప్రాణస్నేహితుడు రషాన్ లాంగ్‌ఫర్డ్‌ని కాల్చి చంపారు. నా స్నేహితుణ్ని పోగొట్టుకున్నాను, సీజన్ పోయింది, నన్ను వేరే జట్టుకి పంపేస్తారంటున్నారు, మీరేమో ప్రాక్టీస్ గురించి అడుగుతున్నారు అని ఆ మనిషి మొత్తుకుంటున్నాడు. ఆ మాటలన్నీ కత్తిరించి ఒక్క మాటే మిగిల్చారు. ప్రాక్టీసులు ఎగ్గొట్టాడన్నది నిజమే, లారీ బ్రౌన్‌తో గొడవలూ నిజమే, నేను కాదనను. కానీ చితికిపోయి ఉన్న మనిషిని నవ్వులపాలు చేసే క్లిప్పుగా మార్చడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

ఆటలో లోపాలున్నాయా అంటే ఉన్నాయి. కెరీర్ మొత్తం మీద వేసిన షాట్లలో బుట్టలో పడినవి 42.5 శాతం, నాలుగు సార్లు లీగ్ టాప్ స్కోరర్ అయిన మనిషికి అది తక్కువే. ఇప్పటి లెక్కలు చూసేవాళ్లు దీన్నే ముందు పెడతారు. కానీ ఆ జట్లలో షాట్ వెయ్యడానికి ఇచ్చే టైం (షాట్ క్లాక్) అయిపోతుంటే బంతి తిరిగొచ్చేది ఎవరి దగ్గరికి? ముగ్గురు చుట్టుముట్టినా వెయ్యాల్సింది ఆయనే. ప్లేఆఫ్స్‌లో గేముకి 29.7 సగటు అంటే పెద్ద గేముల్లో ఆట ఇంకా పైకి లేచిందనే కదా అర్థం.

తర్వాతి ఏళ్లు తొందరగా చెప్పేస్తాను, రాయడానికి పెద్ద ఇష్టం కూడా లేదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో కాంస్యం. 2006 డిసెంబర్‌లో డెన్వర్‌కి, 2008లో డెట్రాయిట్‌కి, 2009లో మెంఫిస్‌లో మూడే మూడు గేములు, మళ్లీ ఫిలడెల్ఫియా, ఆ తర్వాత టర్కీలో బెషిక్తాష్ జట్టుకి కొన్నాళ్లు. 2013 అక్టోబర్ 30న రిటైర్మెంట్ ప్రకటించాడు. 2014 మార్చి 1న ఆయన 3వ నంబర్ జెర్సీని ఫిలడెల్ఫియా అరీనా పైకప్పుకి కట్టారు. మొత్తం 24,368 పాయింట్లు, చాంపియన్‌షిప్ లేదు.

రీబాక్ మాత్రం ఆయన్ని వదల్లేదు, ఈ కంపెనీ మీద నాకు గౌరవం పెరిగింది ఇందుకే. 2001లో జీవితకాలపు ఒప్పందం చేసుకున్నారు. ఏడాదికి 8 లక్షల డాలర్లు, దానికి తోడు 3 కోట్ల 20 లక్షల డాలర్లు ఒక ట్రస్టులో, ఆయనకి 55 ఏళ్లు వచ్చేదాకా ముట్టుకోవడానికి వీల్లేకుండా పెట్టారని వార్తల్లో చాలాసార్లు వచ్చింది. అంటే 2030లో చేతికొస్తుంది. డబ్బు విషయంలో ఆయన పడిన ఇబ్బందులు లోకానికి తెలిసినవే, ఆ ఒప్పందం రాసినవాళ్లు ఎంత ముందుచూపుతో రాశారో అనిపిస్తుంది. మధ్యలో రీబాక్‌ని అడిడాస్ కొనుక్కుంది, బాస్కెట్‌బాల్‌ని దాదాపు పక్కన పెట్టేశారు, 2022లో అథెంటిక్ బ్రాండ్స్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. 2023 అక్టోబర్‌లో రీబాక్ బాస్కెట్‌బాల్‌కి షాక్‌ని ప్రెసిడెంట్‌గా, ఐవర్సన్‌ని వైస్ ప్రెసిడెంట్‌గా పెట్టారు. 2001 ఫైనల్స్‌లో ఎదురెదురుగా ఆడినవాళ్లు ఇప్పుడు ఒకే ఆఫీసు.

నేనుండేది ఫిలడెల్ఫియా శివార్లలోనే, నది దాటితే న్యూజెర్సీలో కామ్‌డెన్, అక్కడ సిక్సర్స్ (సెవెంటీసిక్సర్స్) ట్రైనింగ్ సెంటర్ దగ్గర 2024 ఏప్రిల్‌లో ఆయన విగ్రహం పెట్టారు. మరీ చిన్నదిగా ఉందని ఆన్‌లైన్‌లో చాలామంది ఎగతాళి చేశారు. అక్కడ పాత దిగ్గజాల విగ్రహాలన్నీ అదే సైజు, ఈయనకి తక్కువ చేసిందేం లేదు. చూడ్డానికి వెళ్లినప్పుడు ఇవే షూస్ వేసుకెళ్లాను, ఫొటో తీయించుకుంటున్న ఒక పెద్దాయన నా కాళ్ల వైపు చూసి తల ఊపి చెయ్యి కలిపాడు. ఇక్కడ ఈ షూతో బయటికెళ్తే అలా ముక్కూమొహం తెలియనివాళ్లు పలకరించడం మామూలే, ధర గురించి ఆలోచించేటప్పుడు అది కూడా లెక్కలో వేసుకోండి.

ధర అంటే, ట్యాగ్ మీద 150 డాలర్ల పైనే ఉంటుంది. తొందరపడకండి, ఏడాదిలో ఏదో ఒక సేల్‌లో బాగా తగ్గుతుంది, నేను అలాగే కొన్నాను. అంతకుముందు ఆన్‌లైన్‌లో ఒక రీసెల్లర్ దగ్గర ఆర్డర్ పెడితే, కొత్తదని చెప్పి, అడుగంతా పసుపు పచ్చగా మారిన పాత స్టాకు పంపాడు, వెనక్కి తీసుకోవడానికి తెగ తిప్పించుకున్నాడు. ఈ మోడల్‌లో చూడాల్సింది మొదట అదే, పారదర్శక రబ్బరు గాలికి, వెలుతురుకి నెమ్మదిగా పసుపెక్కుతుంది. కొనేముందు అడుగు భాగం ఫొటో పగటి వెలుతురులో తీసి పంపమని అడగండి. ఇంట్లో ఎండ తగలని చోట పెట్టెలోనే ఉంచండి, సిలికా జెల్ పొట్లాలు రెండు పడెయ్యండి, తడి గుడ్డతో తుడిచాక పూర్తిగా ఆరకుండా మూత పెట్టకండి. ఎర్రటి భాగం మీద బ్రష్ గట్టిగా రుద్దితే ఆ జిగి పోతుంది, మెత్తటి గుడ్డ చాలు.

ఇండియాలో ఉన్నవాళ్లకి పంపించాలనుకుంటే సైజు జాగ్రత్త, అక్కడ అందరూ చెప్పేది యూకే సైజు, రీబాక్‌లో మగవాళ్లకి యూఎస్ 9 అంటే యూకే 8. బావమరిది 9 అన్నాడని ఇక్కడ 9 కొని సూట్‌కేసులో పెట్టుకెళ్తే ఇరుకైపోతుంది. 'క్వశ్చన్ లో' (Low) అనే పేరుతో చీలమండ కిందికి ఉండే రకం కూడా ఉంది, జీన్స్ మీదికి అదే బాగుంటుంది, ఆడటానికి మాత్రం మిడ్డే నయం. 1996 నాటి అసలు జత అమ్ముతామని ఎవరైనా అంటే అద్దాల బీరువాలో పెట్టుకోవడానికైతేనే తీసుకోండి, ఆ కాలపు జిగురూ నురుగూ ఎండి పొడిపొడిగా అయిపోయి ఉంటాయి, నాలుగడుగులు వేస్తే అడుగు ఊడి చేతికొస్తుంది. కాలికి వేసుకోవాలనుకుంటే కొత్తగా వస్తున్న జతే తీసుకోండి, వీలైతే షాపుకి సాయంత్రం పూట వెళ్లి వేసుకుని చూసుకోండి, పొద్దుటికంటే పాదం అప్పుడు కాస్త పెద్దదై ఉంటుంది, ఈ తోలు మొదట్లో ఎలాగూ బిగుతే.